వాసన గడిలో నేను రాసిన మాట

నా ముక్కు బెంగుళూరంతా పేరు మోసిన ముక్కు. బెంగుళూరంతా అంటే మూడు ఆసుపత్రుల్లో. సరే, ఒక ఆసుపత్రిలోనూ, దాని పక్కనున్న టీకొట్టులోనూ. ఆ ఒక్కచోట మాత్రం నిజంగానే పేరుండేది. ఆడవాళ్ళ విభాగం నుంచి వచ్చిన స్లైడు మీద ఒక చుక్క మందు వేసి ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే చాలు, మైక్రోస్కోపు లైటు వేసేలోపే జబ్బు ఉందో లేదో చెప్పేవాణ్ణి.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని. గవర్నమెంటు ఆసుపత్రిలో చేసి రిటైరయ్యాను. ఇంట్లో రెండు నెలలు కూర్చుని వంటగది డబ్బాలన్నిటికీ లేబుళ్ళు అంటించేసరికి మా ఆవిడే నన్ను తరిమింది. వైట్‌ఫీల్డ్‌లో ఒక చిన్న ఆడవాళ్ళ క్లినిక్‌లో చేరాను. నాలుగు గదులు. చివరిది ల్యాబు. దాని కిటికీ అవతల ఒక పొడుగాటి బల్ల, దాని మీద వంతు కోసం కూర్చున్న ఆడవాళ్ళు. మెడలో ఆఫీసు కార్డు వేలాడేసుకున్న అమ్మాయీ, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని ఇటుకలు మోసే అమ్మాయీ ఆ బల్ల మీద పక్కపక్కనే కూర్చునేవారు. తెల్లబట్ట అవుతోందని చెప్పేటప్పుడు ఇద్దరి గొంతూ ఒకేలా తగ్గిపోయేది.

తెల్లబట్ట అందరికీ జబ్బు కాదు. కానీ లోపల ఉండాల్సిన మంచి క్రిములు తగ్గి, వేరేవి పెరిగిపోతే వచ్చే ఇన్ఫెక్షన్ ఒకటుంది. దాని పూర్తి పేరు పొడుగు; మేం బీవీ అనేవాళ్ళం. చాలామందికి వస్తుంది. మొగుడి తప్పూ కాదు, పెళ్ళాం తప్పూ కాదు. మాత్రలు వాడితే తగ్గుతుంది. కడుపుతో ఉన్నవాళ్ళకు వస్తేనే కాస్త భయం, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుందని.

దాన్ని పట్టుకోవడానికి పాతకాలం నుంచీ నాలుగు గుర్తులు ఉన్నాయి. స్రావం ఎలా ఉందో డాక్టరు కంటితో చూడాలి. పీహెచ్ కాగితం అద్దితే పసుపుగానే ఉండిపోయిందా, ఆకుపచ్చకు తిరిగిందా చూడాలి. స్లైడు మీద ఘాటు మందు చుక్క వేస్తే చేపల వాసన వస్తుందా చూడాలి. నాలుగోది మైక్రోస్కోపు. జబ్బు ఉంటే చర్మకణాల అంచులు కనపడకుండా క్రిములు అంటుకుని ఉంటాయి, నువ్వుల్లో దొర్లించిన అరిసెల్లా. నాలుగింటిలో మూడు అవునంటే బీవీ ఉన్నట్టు. రెండే అంటే లేనట్టు.

ఆ మూడోది, వాసన, నా శాఖ. గది తలుపు తీయగానే చెప్పేసేవాణ్ణని అందరితో అనేవాణ్ణి. అది అబద్ధం. స్లైడు ముక్కుకు తగిలేంత దగ్గరికి తెచ్చుకుంటేగానీ తెలిసేది కాదు. కానీ తెలిసేది.

ఆ తర్వాత, ఊరందరికీ జ్వరాలొచ్చి అందరూ మూతులకు గుడ్డలు కట్టుకు తిరిగిన రోజుల్లో, నాకూ జ్వరం వచ్చింది. వాసన పోయింది. అందరికీ పోయింది, అందరికీ తిరిగొచ్చింది. నాకూ తిరిగొచ్చిందని చెప్పాను. రాలేదు. కాఫీపొడి డబ్బాలో తల పెట్టినా, మా ఆవిడ అగరొత్తులు వెలిగించినా, నా వరకు అన్నీ గాలే.

మరి ఎలా నెట్టుకొచ్చావంటే, పీహెచ్ కాగితం నా పక్కనే ఉండేది. అది ఆకుపచ్చకు తిరిగితే వాసన గడిలో 'ఉంది' అని రాసేవాణ్ణి. పసుపుగానే ఉంటే 'లేదు'. చాలాసార్లు ఆ రెండూ కలిసే నడుస్తాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. అది మోసమని నాకు అప్పట్లో తోచలేదు. కాదు, తోచింది. తోచిన రోజు స్లైడును ఇంకాస్త గట్టిగా పీల్చేవాణ్ణి, అంతే. అలా మూడేళ్ళు గడిచాయి.

ఒకనాడు మా డాక్టరమ్మ దగ్గరికి ఒక కొత్త పరీక్ష అమ్మేవాళ్ళు వచ్చారు. పుల్లకు చుట్టిన దూదితో తీసి గొట్టంలో వేసి పంపిస్తే, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఉన్న పెద్ద ల్యాబులో పీసీఆర్ మెషీను క్రిముల పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తుందట. డాక్టరమ్మ వయసులో నా కూతురంత. బెంగుళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. ఎవరేం చెప్పినా వెంటనే నమ్మే రకం కాదు.

"మనమే కంపేర్ చేసి చూద్దాం అంకుల్," అంది. "వచ్చే కొన్నాళ్ళు ప్రతి పేషెంటుకీ అన్ని టెస్టులూ చేద్దాం, వాళ్ళని అడిగే. మన నాలుగు గుర్తులు, గ్రామ్ స్టెయిన్, ఈ పీసీఆర్. ఏది ఎంత కరెక్టో తెలిసిపోతుంది."

"భేషుగ్గా ఉంటుంది మేడమ్."

"ఒకటే రూలు. ఒకరి ఆన్సర్ ఇంకొకరు చూడకూడదు. పీహెచ్ కాగితం నర్సు తన రూంలోనే చూస్తుంది. మైక్రోస్కోపు మన దగ్గర ట్రైనింగ్‌కి వచ్చిన అమ్మాయి చూస్తుంది. మీకు స్లైడు ఒకటే వస్తుంది, నంబరు వేసి. వాసన చూసి చీటీ రాసి మడిచి ఇవ్వండి."

"అన్నీ కలిపి చూస్తేనే కదా మేడమ్, జబ్బు తెలిసేది," అన్నాను.

"కలిపి చూస్తే ఒకటి ఇంకోదాన్ని కాపీ కొట్టేస్తుంది అంకుల్."

ఆమె మామూలుగానే అంది. నాకు మాత్రం నన్నే అన్నట్టుంది.

మర్నాటి నుంచి నా బతుకు పరీక్ష హాల్లో పక్కవాడి పేపరు కనిపించని పిల్లవాడి బతుకైంది. స్లైడు వచ్చేది, చుక్క వేసేవాణ్ణి, ముక్కు దగ్గర పెట్టేవాణ్ణి. ఏమీ లేదు. నీళ్ళు వాసన చూసినట్టు. ఒకటి 'ఉంది', రెండు 'లేదు', మళ్ళీ ఒకటి 'ఉంది' అని వరసన రాసి చూశాను. అది మరీ పాపమనిపించి కిటికీ వైపు తిరిగాను. వంతు ప్రకారం ఎవరి స్లైడు ఏదో బల్ల చూస్తే తెలుస్తుంది. మనిషిని చూసి రాయడం మొదలుపెట్టాను. నలిగిన ముఖం, దుమ్ము కొట్టుకున్న చీర కనిపిస్తే 'ఉంది'. శుభ్రంగా, నిమ్మళంగా కనిపిస్తే 'లేదు'. ఇంత నీచమైన పరీక్ష ఏ ల్యాబులోనూ ఉండదు. ఈ జబ్బుకూ శుభ్రానికీ సంబంధం లేదని ఎదుటివాళ్ళకు చెప్పేవాణ్ణి నేనే.

ఆ అమ్మాయి వచ్చింది ఆ వారంలోనే. కదిరి వైపు నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్ళు. పెద్దాసుపత్రికి వస్తున్నామని తలకు పోసుకుని, ముఖానికి పసుపు రాసుకుని, తడి ఆరని జడలో మూర మల్లెపూలు పెట్టుకుని వచ్చింది. మాది పెద్దాసుపత్రి కాదు, కానీ ఆమె పండక్కి వచ్చినట్టు వచ్చింది. ఆరో నెల కడుపు. పక్కన అత్త. వాళ్ళ మాటలు కిటికీలోంచి నాకు వినపడుతూనే ఉన్నాయి.

"పోయిన తూరి గూడ ఇట్లనే తెల్లబట్ట అయితా ఉండె గదా," అంటోంది అత్త. "లోపలికి పోయి సిగ్గుపడి నోరు మూసుకుంటావేమో. అన్నీ చెప్పల్ల."

"చెప్తాలే అత్తా."

"ఏడో నెల్లో పోయిందని గూడ చెప్పు."

"ఊఁ."

ఆ 'ఊఁ' అన్నప్పుడు ఆమె చెయ్యి కడుపు మీదికి పోయింది. అంతా విన్నాను. చూశాను. కాసేపటికి ఆమె స్లైడు నా చేతికి వచ్చింది. చుక్క వేశాను, ముక్కు దగ్గర పెట్టాను, మళ్ళీ కిటికీలోంచి చూశాను. మల్లెపూలు కనిపించాయి. వాటి వాసన కూడా నాకు అందలేదు. చీటీ మీద 'లేదు' అని రాసి మడిచాను.

పావుగంటకు డాక్టరమ్మ నా గదికి వచ్చింది. చీటీలు విప్పింది కాబోలు.

"అంకుల్, ఆమెకు స్రావం చూస్తే డౌట్‌గా ఉంది. పీహెచ్ ఎక్కువే. మైక్రోస్కోపులో మాత్రం ఆ కణాలు చాలినన్ని లేవంటోంది మన ట్రైనింగ్ అమ్మాయి. మీది 'లేదు'. అంటే రెండుకు రెండు. షూరే కదా?"

అది నాకు దేవుడిచ్చిన అవకాశం. జలుబు చేసింది మేడమ్, నర్సును చూడమనండి అంటే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "ఈ ముక్కు ఇంతవరకు తప్పు చెప్పలేదు మేడమ్," అన్నాను.

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. ఏమీ లేదమ్మా, కడుపుతో ఉన్నప్పుడు ఇది మామూలే, రెండు వారాల తర్వాత ఒకసారి రా అని చెప్పి పంపించింది. ఏమీ లేదన్న మాట వినగానే ఆ అమ్మాయి నవ్వింది. గేటు దాటుతూ అత్తతో ఏదో చెబుతూ మళ్ళీ నవ్వింది.

పీసీఆర్ జవాబులు హెచ్‌ఎస్‌ఆర్ నుంచి పది రోజులకు వచ్చాయి. రంగు వేసి దాచిన గ్రామ్ స్టెయిన్ స్లైడులను బయటి నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చి ఒకేసారి చదివిపెట్టాడు. డాక్టరమ్మ అన్నిటినీ ఒక పెద్ద కాగితం మీద గళ్ళు గీసి రాసింది. నన్ను పిలిచింది.

అన్ని గళ్ళూ ఇంచుమించు ఒకే తోవన నడుస్తున్నాయి. వాసన గడి ఒక్కటే సంతలో తప్పిపోయిన పిల్లలా దిక్కుకొకటిగా ఉంది.

"చూశారా అంకుల్," అంది, నన్ను ఊరడిస్తున్నట్టు. "మీ అంత ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్ళకే ఇట్ల వస్తే, అసలు వాసన టెస్టే దండగ అన్నమాట. దీన్ని తీసేద్దాం. మిగతా క్లినిక్‌లవాళ్ళకి కూడా చెప్తాను."

నా అబద్ధం ఇప్పుడు శాస్త్రం కాబోతోంది.

ఆమె వేలు ఒక వరస మీద ఆగింది. "ఈ కదిరి అమ్మాయి. గ్రామ్ స్టెయిన్‌లో గట్టిగా ఉంది, పీసీఆర్‌లోనూ ఉంది. మనం లేదని పంపించేశాం. మీకెందుకు తెలీలేదు?"

"తలకు పోసుకుని, అంతా కడుక్కుని వచ్చింది మేడమ్. కడుక్కుంటే వాసన పోతుంది కదా."

ఇదెంత మంచి జవాబో చూడండి. నిజమే అయుండొచ్చు కూడా. డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు సిగ్గుకొద్దీ సబ్బుతో లోపలిదాకా కడుక్కుని వచ్చే ఆడవాళ్ళు చాలామంది. అది పరీక్షలను చెడగొడుతుంది. డాక్టరమ్మ వెంటనే నమ్మింది. పైగా, "కరెక్టే, వచ్చేటప్పుడు కడుక్కోవద్దని బోర్డు పెట్టాలి," అని రాసుకుంది. తప్పు మల్లెపూలు పెట్టుకొచ్చినామె మీదికి పోయింది. నేను కూర్చుని టీ తాగాను.

కదిరి అమ్మాయి ఇచ్చిన నంబరుకు నర్సు ఫోన్ చేసింది. ఆ నంబరు ఆమెది కాదు, మేస్త్రీది. "ఆ పని అయిపాయమ్మా. ఆళ్ళు హొసకోటె తట్టు పోయినారు. యాడని నాకేం తెలుసు," అన్నాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. రెండు వారాల గడువు దాటింది. ఆమె రాలేదు. ఎందుకొస్తుంది, ఏమీ లేదన్నాక?

నేను వేళ్ళ మీద లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆరు దాటి ఎన్ని రోజులు. ఏడుకు ఎన్ని రోజులు. కిటికీ అవతల బల్ల మీద ఎవరి జడలో పూలు కనిపించినా లేచి చూసేవాణ్ణి.

ఆ ఆదివారం పొద్దున మా ఆవిడ పాలు పొయ్యి మీద పెట్టి, నన్ను చూడమని చెప్పి, బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వెళ్ళింది. నేను వంటగది గడప దగ్గరే, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఆమె మెట్లు దిగి వచ్చేసరికి గిన్నె అడుగంటి నల్లబడింది.

"మేడ మీదికే వాసన కొడతా ఉండాది. నీకు రాలేదా అప్పా?"

"జలుబు."

"ఎన్నేండ్ల జలుబు?" అంటూ ఆమె గిన్నె దించింది. "రసంలో ఇంగువ వేసేది మానేసి ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? ఒక్కనాడన్నా అడిగినావా?"

నేను ఆమె ముఖం చూశాను. ఇంగువ లేని రసం ముద్ద దిగదని పెళ్ళయిన కొత్తలో కంచం ముందు నుంచి లేచిపోయినవాణ్ణి నేను.

"నీకు తెలుసా?"

"చూద్దామని ఒకరోజు మానేస్తి. ఏమీ అనలేదు. ఇంకోరోజు మానేస్తి. బ్రహ్మాండంగా ఉండాది అంటివి. నీవే చెప్తావని సుమ్నే ఊరుకున్నా."

డాక్టరమ్మ కంటే ముందే మా ఇంట్లో పరీక్ష జరిగిపోయింది. నేనే తప్పాను. అప్పుడు కదిరి అమ్మాయి సంగతి మొత్తం చెప్పాను. మా ఆవిడ గిన్నె తోముతూ విన్నది. చివర్లో తోమడం ఆపింది.

"ఇప్పుడు ఎన్నో నెల?"

"ఏడు వచ్చుంటుంది."

"పోయినసారి?"

"ఏడే."

"అయితే నాకు చెప్తే ఏమొస్తుంది? నేనేం డాక్టరునా?" అని మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

సోమవారం డాక్టరమ్మ ఇంకా కుర్చీలో కూర్చోకముందే చెప్పేశాను. ఏ రోజు నుంచి వాసన రాదో, పీహెచ్ కాగితం చూసి ఎలా రాశానో, తర్వాత బల్ల మీది మనుషుల్ని చూసి ఎలా రాశానో. ఇన్నాళ్ళూ గొప్పలు చెప్పడం అలవాటైన నోటికి తప్పు చెప్పుకోవడానికి మాటలు తక్కువే పట్టాయి.

ఆమె నన్ను తిట్టలేదు. గళ్ళ కాగితం తీసి, వాసన గడి మీద పైనుంచి కిందిదాకా ఒక గీత గీసింది.

"మూడేళ్ళు," అంది. "అంకుల్, మూడేళ్ళ రిజిస్టర్ చూడాలి నేనిప్పుడు."

"చూస్తాను మేడమ్, నేను కూడా..."

"మీరు కాదు," అంది. ఆ రెండు మాటలూ నాకు ఇప్పటికీ వినిపిస్తాయి. తర్వాత కాస్త మెత్తబడి, "ఫస్ట్ ఆమెను వెతకండి. మందు మీరు ఇవ్వొద్దు, ఏదేదో చెప్పి భయపెట్టొద్దు. తీసుకొచ్చేయండి," అంది.

హొసకోటె బస్సులో కిటికీ పక్కన సీటు దొరికినా బయటికి చూడబుద్ధి కాలేదు. గోడౌన్లు కడుతున్న చోట్లు రోడ్డుకు అటూ ఇటూ ఎన్నో ఉన్నాయి. పన్నెండు చోట్ల దిగి అడిగాను. పన్నెండు కాదు, నాలుగు. నాలుగో చోట రేకుల షెడ్లు వరసగా ఉన్నాయి. కదిరివాళ్ళు ఉన్నారా అంటే ఉన్నారన్నారు. ఆమె పేరు చెప్పాను. ఇక్కడ రాయను.

సిమెంటు కలుపుతున్న ఇద్దరు మగవాళ్ళు పార ఆపి నన్ను పైనుంచి కిందికి చూశారు.

"ఎవరు నువ్వు? ఆయమ్మతో ఏం పని?"

నడివీధిలో, పరాయి మగవాళ్ళతో, ఫలానా అమ్మాయి తెల్లబట్ట సంగతి మాట్లాడాలని ఎలా చెప్పను? "ఆసుపత్రిలో ఆధార్ కార్డు మరిచిపోయి వచ్చింది," అన్నాను.

ఒకడు లోపలికి కేకేశాడు. అత్త బయటికి వచ్చింది, చేతిలో ప్లాస్టిక్ కవరుతో. "మా కార్డులన్నీ ఈడనే ఉండాయి. ఇదో, కొడుకుది, కోడలిది, నాది. నువ్వు తెచ్చిన కార్డు యాడిది?"

సిమెంటు కలిపేవాడు నవ్వాడు. "తాత లేని కార్డు తెచ్చినాడు."

అప్పుడే లోపలి నుంచి కోడలు వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను ముఖం చూడలేదు. మొదట కడుపు చూశాను. ఉంది. దాని మీద చెయ్యి కూడా అలాగే ఉంది. అక్కడున్న ఇటుకల మీద కూర్చున్నాను.

మగవాళ్ళు పనిలోకి వెళ్ళాక అత్తాకోడళ్ళకు ఉన్నది చెప్పాను. "మీ కోడలికి ఏమీ లేదన్నారు కదా. అది తప్పు. ఇన్ఫెక్షన్ ఉంది. వాసన చూసి చెప్పాల్సింది నేను. నాకు వాసన రాదు."

అత్త చేతిలోని కవరుతో నా వైపు చూపించింది. "వాసన రానోన్ని వాసన చూసే పనికి పెట్టినారా? కండ్లు లేనోనికి బస్సు ఇచ్చినట్ల?"

"వాళ్ళకు తెలీదు. నేను చెప్పలేదు."

"ఏంటికి చెప్పలేదు?"

దానికి జవాబు ఉంది, కానీ ఆ ఇటుకల మీద కూర్చుని, నా ముక్కుకు పేరుందమ్మా అని చెప్పలేకపోయాను.

కోడలు గుమ్మం వదిలి ముందుకు వచ్చింది. "బిడ్డకేమన్నా అయితాదా?" అని అడిగింది.

ఏమీ కాదు తల్లీ అనడం నాకు నాలుక చివరనే ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అలాంటి మాటలే ఆడాను. "నాకు తెలీదమ్మా," అన్నాను. "డాక్టరమ్మ చూడాలి. ఇప్పుడే పోదాం."

ఆమె అత్త వైపు చూసి మెల్లగా చెప్పింది. "మొన్నట్నుంచి పొత్తికడుపు నొస్తాండాది అత్తా. పని ఎక్కువై అనుకుంటి."

అత్త కవరు చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది.

ఆటోలో వస్తున్నంతసేపూ గుంత కనిపించినప్పుడల్లా నేను డ్రైవరు భుజం తడుతూనే ఉన్నాను. "నిధానప్పా, నిధాన." పాత మద్రాసు రోడ్డులో ఎన్ని గుంతలున్నాయో ఆ రోజే తెలిసింది. ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. ఏం మొక్కుకుంటోందో నేను అడగలేదు. ఆమె ముఖం ముడుచుకున్నప్పుడల్లా మళ్ళీ డ్రైవరు భుజం తట్టేవాణ్ణి.

దార్లోనే అత్తకు చెప్పాను, క్లినిక్‌లో ఎక్కడా కడుక్కోనివ్వొద్దని. "పని చోటు నుంచి అట్లనే వస్తాండాది, సిగ్గుగాదా," అంది ఆమె. సిగ్గుపడాల్సింది నేనమ్మా అన్నాను.

డాక్టరమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్ళింది. నేను ల్యాబులోకి పోలేదు. మొదటిసారి ఆ బల్ల మీద, అత్త పక్కన కూర్చున్నాను. కిటికీలోంచి ల్యాబు కనిపిస్తోంది. నర్సు చుక్క వేసి స్లైడును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, వెంటనే ముఖం పక్కకు తిప్పేసుకుంది. అంత తేలిక. అంత సంగతికి నేను ఇంత చేశాను.

నొప్పి కాన్పు నొప్పి కాదని తేలింది. అంతవరకు మంచిది. వారం రోజులకు మాత్రలు రాసింది డాక్టరమ్మ. బరువులు మోయొద్దంది. అత్త, "అయితే ఇంక భయం లేదా మేడమ్?" అని అడిగితే, "ఇన్ఫెక్షన్ పోతుందమ్మా. నెలలు నిండుతాయని మాత్రం నేను మాటివ్వలేను. పదిరోజులకోసారి తీసుకురా," అంది. ఆమెకూ నాలాగా ఒక అబద్ధం చెప్పడం వచ్చుంటే ఆ రోజు అందరం సుఖంగా నిద్రపోయేవాళ్ళం.

ఆ తర్వాత రెండు నెలలు ఎలా గడిచాయో రాయడం కష్టం. ప్రతి సోమవారం మేస్త్రీకి ఫోన్ చేసేవాణ్ణి. మొదట్లో విసుక్కునేవాడు. "ఏంది తాతా, ఆయమ్మ నీ బిడ్డనా?" అనేవాడు. తర్వాత తర్వాత ఫోన్ ఎత్తగానే, నేను అడగకముందే, "ఉండాది, బాగుండాది," అని పెట్టేసేవాడు. ఒక సోమవారం ఎత్తలేదు. మంగళవారం కూడా ఎత్తలేదు. బుధవారం హొసకోటె బస్సెక్కి సగం దారి పోయాక ఫోన్ వచ్చింది, ఛార్జింగ్ లేదని. దిగి అవతలి బస్సు ఎక్కాను.

ఈలోగా డాక్టరమ్మ మూడేళ్ళ రిజిస్టరు చూసింది. వాసన గడి ఒక్కటే తీర్పు మార్చిన పేర్లు ఏరి, ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. కొందరు వచ్చారు. కొన్ని నంబర్లు మోగలేదు. ఆ మోగని నంబర్ల గురించి నేను గొప్పలూ చెప్పలేను, తప్పు ఒప్పుకుని తేలిక పడనూ లేను.

పరీక్షల పోలిక మొదటి నుంచి మళ్ళీ జరిగింది, నర్సు ముక్కుతో. వాసన పరీక్ష దండగేమీ కాదని తేలింది, ముక్కు ఉన్నవాళ్ళు చేస్తే. పీహెచ్ కాగితం వీధికుక్కలాంటిది. దొంగను చూసినా మొరుగుతుంది, పాలవాణ్ణి చూసినా మొరుగుతుంది. గ్రామ్ స్టెయిన్ నిదానస్తుడు, పెద్దగా తప్పడు, కానీ చదివేవాడు కావాలి. పీసీఆర్ మా అందరికంటే గట్టిది, సందేహం లేదు. కానీ అది మాట్లాడేలోపు మేస్త్రీ షెడ్డు ఎత్తేసి ఇంకో ఊరికి పోతాడు. అందుకని మా క్లినిక్‌లో ఇప్పుడు నాలుగు గుర్తులూ చూస్తారు, అనుమానం ఉన్నవాళ్ళకు పీసీఆర్ కూడా పంపుతారు, ఫోన్ నంబర్లు రెండు రాసుకుంటారు. నేను స్లైడులకు రంగు వేసి మైక్రోస్కోపులో చదువుతాను. నా కళ్ళు బాగానే ఉన్నాయని చెప్పాను. డాక్టరమ్మ ఊరికే నమ్మలేదు. ముందే జవాబులు తెలిసిన స్లైడులు ఇచ్చి చదివించాకే పని ఇచ్చింది.

కాన్పు నెలలు నిండటానికి మూడు వారాల ముందు అయింది. ఆడపిల్ల. బరువు కాస్త తక్కువ, ఏడుపు ఎక్కువ. నేనే కాపాడానని మా వీధిలో ఒకరిద్దరితో అన్నాను. మాత్రలు కాపాడాయా, అసలేమీ చేయకపోయినా అలాగే జరిగేదా అని డాక్టరమ్మను అడిగితే, ఒక్కరి విషయంలో అది ఎవరూ చెప్పలేరంది. ఆ ఒకరిద్దరికీ మళ్ళీ వెళ్ళి ఆ మాట కూడా చెప్పి వచ్చాను.

నెల తిరిగాక తల్లీ బిడ్డా అత్తా క్లినిక్‌కు వచ్చారు. తల్లి జడలో మళ్ళీ మల్లెపూలు. అత్త బిడ్డను తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

"పట్టుకో తాతా. తల వాసన చూడు. పసిబిడ్డ వాసన ఎట్లుండాదో చెప్పు."

నేను వంగి ఆ చిన్న తల మీద ముక్కు ఆనించి, గుండె నిండేలా పీల్చాను. వెచ్చగా ఉంది. వెంట్రుకలు ముక్కుకు మెత్తగా తగిలాయి. డాక్టరమ్మ, నర్సు, బల్ల మీది ఆడవాళ్ళందరూ చూస్తున్నారు.

"ఆహా," అన్నాను. "పాల వాసన."

కోడలు నన్నే చూస్తోంది. నవ్వడం లేదు, కోపంగానూ లేదు. నా చీటీ విప్పడానికి ఎదురుచూస్తున్నట్టు ఉంది.

"లేదమ్మా," అన్నాను. "ఏమీ రాలేదు. వెచ్చగా మాత్రం ఉంది."

"అది చాల్లే," అని బిడ్డను తీసుకుంది.